ఫైన్ కట్టినా పోని కేసు

మేజిస్ట్రేటు కోర్టు వరండాలో పొద్దున్నే వినపడే సలహా ఒకటుంది. "ఒప్పుకుని ఫైన్ కట్టెయ్, మధ్యాహ్నానికల్లా ఇంటికెళ్లిపోవచ్చు." తాగి బండి నడుపుతూ దొరికిన కుర్రాడికీ, పేకాటలో పట్టుబడ్డవాడికీ, గట్టు తగాదాలో చెయ్యి చేసుకున్న రైతుకీ అదే సలహా. చెప్పేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. వాయిదాల చుట్టూ తిరిగి కూలి పోగొట్టుకోవడం కంటే నయమని నిజంగానే అనుకుంటారు. డబ్బు కట్టినవాడు రసీదు జేబులో పెట్టుకుని, పీడ వదిలిందనుకుంటాడు. కోర్టులో నేరం ఒప్పుకుని జరిమానా కట్టడమంటే శిక్ష పడటమేనని అతనికి తెలిసేది ఎన్నాళ్లకో. కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎంపికై అటెస్టేషన్ ఫారం నింపుతున్నప్పుడో, విదేశీ ఉద్యోగం కోసం పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టినప్పుడో తెలుస్తుంది.

అప్పుడు వకీలు కోసం పరుగు మొదలవుతుంది. "సార్, ఆ పాత కేసు రికార్డులోంచి తీసేయించగలరా?"

నిజాయితీ గల వకీలు ముందు చెప్పేది నిరాశ కలిగించే మాటే. బ్రిటన్‌లో 1974 నుంచి ఒక చట్టం ఉంది. మళ్లీ తప్పు చెయ్యకుండా నిర్ణీత కాలం గడిపితే చాలా రకాల పాత శిక్షలను దాదాపు లేనట్టే చూస్తారు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో రికార్డుకు సీలు వేయించుకునే వీలుంది. మన దేశంలో పెద్దవాళ్లకు అలాంటి చట్టం లేదు. ఇరవై ఏళ్ల వయసులో పడిన వెయ్యి రూపాయల జరిమానా నలభై ఏళ్లప్పుడు కూడా రికార్డులో శిక్షగానే ఉంటుంది. ఇది అన్యాయం, పార్లమెంటు సరిచెయ్యాల్సిన అన్యాయం. అంతవరకు వకీలుకు మిగిలింది రెండే. ఆ శిక్ష చట్టప్రకారం నిలవదని పైకోర్టులో చూపించడం, లేదంటే అది బతుకుతెరువు మీద పడకుండా కాపాడటం. ఈ రెండిటికీ కావలసింది వాగ్ధాటి కాదు, పాత కాగితం చదివే ఓపిక.

అందుకే పని తెలిసిన వకీలు కథంతా వినకముందే కేసు నంబరు, సంవత్సరం అడిగి సర్టిఫైడ్ కాపీలకు అప్లికేషన్ వేయిస్తాడు. రికార్డు రూమ్ నుంచి ఆ కట్ట వచ్చాక ముందు చూసేది తీర్పును కాదు, కోర్టులో ఏ వాయిదాకు ఏం జరిగిందో రాసే డాకెట్ షీటును. నేరం ఒప్పుకున్న కేసులో శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో తప్ప అప్పీలు వెయ్యడానికి వీల్లేదు. పాత నేర విచారణ కోడ్ (సీఆర్పీసీ) 375వ సెక్షన్ అదే చెప్పింది, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్ 416 కూడా అదే చెబుతోంది. కానీ ఒప్పుకోలును ఎలా రాయాలో కూడా చట్టంలోనే ఉంది. సమన్స్ కేసుల్లో ముందు నిందితుడికి ఆరోపణ ఏమిటో చెప్పాలి. అతను నేరం ఒప్పుకుంటే, వీలైనంత వరకు అతను పలికిన మాటల్లోనే రాసుకోవాలి. పాత కోడ్‌లో 252, ఇప్పుడు 275. ఈ నియమం పాటించి తీరాల్సిందేనని సుప్రీంకోర్టు 1960ల్లోనే చెప్పింది.

ఇక ఆ డాకెట్ షీటులో కనిపించేదేమిటి? చాలాసార్లు ఇంగ్లీషులో ఒకే ఒక్క పంక్తి. నిందితుడు హాజరు, నేరం ఒప్పుకున్నాడు, ఇంత జరిమానా. ఆ మనిషికి తెలుగు తప్ప మరో భాష రాదు. అతను ఏమన్నాడు, అతనికి ఏం చెప్పారు అన్న ఆనవాలే ఉండదు. కింది కోర్టు తప్పును సరిచూడమని పైకోర్టును అడిగే రివిజన్ పిటిషన్‌కు ప్రాణం ఆ ఖాళీలోనే ఉంటుంది.

అయితే గడువు దాటిపోయి ఉంటుంది. సెషన్స్ కోర్టుకు అప్పీలైతే 30 రోజులు, హైకోర్టుకైతే 60, రివిజన్‌కు 90. ఏళ్లు గడిచాక వెళ్లేవాడు ఆలస్యాన్ని మన్నించమని విడిగా పిటిషన్ వెయ్యాలి. ఇక్కడే కొందరు దొంగ మెడికల్ సర్టిఫికెట్లతో పని కానిచ్చుకోవాలని చూస్తారు. పాత మచ్చ పోగొట్టుకోవడానికి కొత్త నేరం చెయ్యడమే అది. ఫైన్ కడితే కేసు మాసిపోతుందనుకున్నాను, ఫలానా రోజు ఫలానా ఫారం నింపబోతే తెలిసింది అని ఉన్నదున్నట్టు రాసి ఆ కాగితం జతచేసిన అఫిడవిట్టే గౌరవంగా నిలబడుతుంది. ఇంకో సంగతి కూడా క్లయింటుకు ముందే చెప్పాలి. శిక్ష కొట్టేసి కేసును మళ్లీ విచారణకు పంపే అవకాశం ఉంది. అది చెప్పకుండా ఫీజు తీసుకోవడం మోసం.

కొట్లాట కేసుల్లో దారి కొంత సులువు. రాజీకి వీలున్న నేరమైతే, అప్పీలు నడుస్తున్నప్పుడు కూడా పైకోర్టు అనుమతితో రాజీ చేసుకోవచ్చు. రాజీ పడిన కేసు నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. చెక్ బౌన్స్ కేసులకూ ఇది వర్తిస్తుంది. ఆలస్యంగా రాజీకొచ్చే నిందితుడు అదనపు ఖర్చులు చెల్లించుకోవాలని 2010లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. భార్యాభర్తల మధ్య 498ఏ వేధింపుల కేసును కోర్టు అనుమతితో రాజీ చేసుకునేలా ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2003లోనే సవరణ తెచ్చింది. కేసులు గంపగుత్తగా ముగిసే లోక్ అదాలత్ రోజున రాజీ పత్రం మీద పెట్టే సంతకానికీ, నేరం ఒప్పుకోలు మీద పెట్టే సంతకానికీ మధ్య తేడాను వకీలు ఒక్క నిమిషం ఆగి చెప్పాలి. ఒకటి నిర్దోషిగా ఇంటికి పంపుతుంది, రెండోది శిక్ష పడ్డవాడిగా.

అన్నిటికంటే ఎక్కువమంది మరిచిపోయే కాగితం పదో తరగతి మెమో. నేరం జరిగిన తేదీకి మనిషికి పద్దెనిమిది నిండలేదని తేలితే మొత్తం లెక్కే మారిపోతుంది. ఆ వాదనను ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, కేసు పూర్తిగా ముగిశాక కూడా లేవనెత్తవచ్చని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 9వ సెక్షన్ చెబుతోంది. వయసు తేల్చడానికి ముందు చూసేది బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్, లేదా పదో తరగతి బోర్డు సర్టిఫికెట్. అవి లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. అదీ లేకపోతేనే వైద్య పరీక్ష. 24వ సెక్షన్ ప్రకారం బాల్యంలో చేసిన నేరానికి అనర్హతలు అంటవు, అప్పీలు గడువు దాటాక రికార్డులను నాశనం చెయ్యాలి. పదహారు నిండి, ఘోర నేరంలో పెద్దవాడిలా విచారణ ఎదుర్కొన్నవాడికి మాత్రం ఈ రక్షణ దక్కకపోవచ్చు. మిగతా అందరి విషయంలో, బీరువాలో మడతపెట్టి ఉన్న ఆ మెమో పేరుమోసిన వకీలు కంటే గట్టిగా వాదిస్తుంది.

నేరం నిజంగానే చేసినవాడి మాటేమిటి? అతని కోసమే 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం ఉంది. జైలుకు పంపకుండా మందలించో, సత్ప్రవర్తన బాండు రాయించుకునో వదిలెయ్యొచ్చు. 12వ సెక్షన్ ప్రకారం శిక్ష పడటం వల్ల కలిగే చట్టపరమైన అనర్హత అతనికి వర్తించదు. అప్పీలులో, రివిజన్‌లో కూడా ఈ మేలు అడగొచ్చు. మన కింది కోర్టుల్లో దీన్ని అడిగే వకీళ్లు తక్కువ కావడం బాధాకరం. అది ఉద్యోగానికి పూర్తి కవచం కాదు. నేర నిర్ధారణ మాసిపోదని, దాని వెనకున్న ప్రవర్తనను బట్టి శాఖ చర్య తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1990లో స్పష్టం చేసింది. కానీ 1985 నాటి ఇంకో తీర్పు చదివితే దీని విలువ తెలుస్తుంది. ఢిల్లీ పాల సరఫరా పథకంలో క్యాష్ క్లర్కు 500 రూపాయలు వాడుకుని తిరిగి కట్టేశాడు. ఇంట్లో వరసగా వచ్చిపడిన కష్టాలను మేజిస్ట్రేటు తన ఉత్తర్వులో రాసి ప్రొబేషన్ మీద వదిలారు. శాఖ ఉద్యోగం తీసేసింది. 12వ సెక్షన్ ఒక్కటే అతని ఉద్యోగాన్ని కాపాడదని చెబుతూనే, ఆ తప్పుకు డిస్మిసల్ మరీ పెద్ద శిక్ష అని సుప్రీంకోర్టు పూర్తి జీతంతో వెనక్కి తీసుకోమంది. కింది కోర్టు ఉత్తర్వులో ఆ కష్టాల ప్రస్తావన ఉండటం ఆ మనిషికి ఎంత మేలు చేసిందో! అలాంటి నాలుగు మాటలు రికార్డులోకి ఎక్కేలా చూడటమే వకీలు నేర్పు.

కేసు గెలిచినా ఫారంలో దాచకూడదు. 2016లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని విడమరిచి చెప్పింది. అడిగిన వివరం నిజం రాయాలి, దాస్తే ఉద్యోగం పోవచ్చు. కానీ చిన్న వయసులో జరిగిన చిన్న నేరమైతే యజమాని పెద్దమనసుతో చూడొచ్చు. "రాయకు, ఎవరికి తెలుస్తుందిలే" అన్న సలహా వల్ల ఆగిపోయిన ఉద్యోగాలు అసలు కేసు వల్ల ఆగినవాటికి తీసిపోవు. అమెరికా వీసా దరఖాస్తు క్షమాభిక్ష దొరికిన కేసు గురించి కూడా రాయమంటుంది. ఫారంలో నిజం రాసి, పైకోర్టు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ జతచెయ్యడమే క్షేమం. పాస్‌పోర్టు విషయంలో మాత్రం లేనిపోని భయాలెక్కువ. శిక్ష పడిందన్న కారణంతో నిరాకరించాలంటే, గత ఐదేళ్లలో నైతిక పతనం కిందికొచ్చే నేరానికి కనీసం రెండేళ్ల జైలు పడి ఉండాలని 1967 చట్టం చెబుతోంది. ఒక ఫైన్ రసీదు అక్కడ అడ్డురాదు.

ఫీజుకు భయపడి ఆగిపోయేవాళ్లకు 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఉచిత న్యాయ సహాయం ఉంది. ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, పిల్లలు వంటి కొన్ని వర్గాలకు ఆదాయంతో పని లేదు, మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అడగొచ్చు, 15100కు ఫోన్ చెయ్యొచ్చు. వెళ్లేటప్పుడు ఫైన్ రసీదు, పదో తరగతి మెమో, ఆధార్ పట్టుకెళ్లాలి. రసీదు పోయినా ఫర్వాలేదు, పోలీస్ స్టేషన్ పేరూ సంవత్సరమూ చెబితే కేసు నంబరు వెతికించి కాపీ అప్లికేషన్ వెయ్యొచ్చు.