రెంబ్రాంట్ కంపు మర

డచ్చి గాలిమర అనగానే మన కళ్ళకు కట్టేది క్యాలెండరు బొమ్మ: పూలతోట, కాలువ, నీలాకాశం. రెంబ్రాంట్ 1641లో రాగిరేకు మీద గీసి అచ్చువేసిన ‘గాలిమర’ను కూడా చాలామంది ఆ వరసలోనే చేర్చి, చక్కని ప్రకృతి దృశ్యమని మెచ్చుకుని ఊరుకుంటారు. ఆ మెప్పు ఈ బొమ్మకు చాలదు.

ఈ మర ఆమ్‌స్టర్‌డామ్ పడమటి కోటగోడ బురుజు మీద ఉండేది. తోళ్ళ పనివారి సంఘం ఆస్తి. పదును చేసిన తోళ్ళను కాడ్ చేపనూనెతో అక్కడ మెత్తబరిచేవారు. ఆ దుర్వాసన వల్ల జనం దానికి పెట్టిన పేరు ‘చిన్న కంపు మర’. అంటే చిత్రకారుడు ఎంచుకున్నది విహారస్థలం కాదు, ముక్కు మూసుకుని దాటిపోయే పనిచోటు.

బొమ్మ చిన్నది. ఎత్తు సుమారు 14 సెంటీమీటర్లు, వెడల్పు 21. ఒక పక్క మర, దాన్ని ఆనుకుని ఇల్లు. రెండో పక్క దిగువన సన్నని నేల, పైనంతా ఖాళీ. ఆ ఖాళీయే గాలికి చోటిచ్చింది. మర దగ్గర మాత్రం గీత ఎక్కడా బద్ధకించలేదు. రెక్కల చట్రం, కొయ్య కట్టుబడి, ఏ దూలం దేనిమీద ఆనిందో లెక్కగా కనిపిస్తుంది. అందంగా చూపాలన్న ఆరాటం లేదు, అసహ్యంగా చూపాలన్న కసీ లేదు.

రెంబ్రాంట్ తండ్రి లైడెన్‌లో మాల్టు మర నడిపినవాడు. అందుచేత ఇది పుట్టింటి బెంగతో గీసిన బొమ్మ అని చెప్పడం తేలిక. నాకా మాట రుచించదు. ఇది తండ్రి మర కాదు, పిండి మరా కాదు. బొమ్మలో కనిపించేది బెంగ కాదు, మర ఎలా నిలబడుతుందో ఎరిగినవాడి చూపు.

1656లో రెంబ్రాంట్ దివాలా తీసినప్పుడు ఇంట్లోని వస్తువులకు 363 పద్దుల జాబితా తయారైంది. ఆయన ఎదుట చూసి గీసిన ప్రకృతి దృశ్యాల పుస్తకం అందులో ఒక పద్దు. బ్యాంకు ఉద్యోగంలో ఇలాంటి జాబితాలు నేను చాలా చూశాను. వాటిలో వస్తువు పేరు, సంఖ్య తప్ప విశేషణాలు అరుదు. ఆ గుమాస్తా మాత్రం ‘ఎదుట చూసి’ అన్న మాట వదలలేదు. ఈ కంపు మరకు మనం రాయగల విమర్శలో కూడా ముందు రాయవలసిన మాట అదే. ఈసారి ఈ బొమ్మ ఏ పుస్తకంలోనైనా కనబడితే ఆకాశాన్ని కాసేపు పక్కనబెట్టి, కొయ్యలు ఎక్కడెక్కడ కలిశాయో చూడండి.