గాలి చేసే పని

మా మిద్దె మీద పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పున ఒక వల ఇల్లు ఉంది. ఇనుప పైపుల చట్రం, పైన సగం ఎండని ఆపే గ్రీన్ నెట్, చుట్టూ పురుగు దూరని సన్న కళ్ళ తెల్ల వల. లోపల పద్నాలుగు కుండీల్లో బెంగుళూరు మిర్చి. బజారులో క్యాప్సికం అంటేనే ఇస్తారు గానీ, మా ఇంట్లో ఆ పేరు నిలవలేదు.

హైదరాబాద్ ఎండాకాలానికి ఈ మొక్క ఓర్వదు. పగటి వేడి 32 డిగ్రీలు దాటిందంటే పూత రాల్చడం మొదలుపెడుతుంది. అందుకే వినాయక చవితి వెళ్ళాక నారు పోసి, దసరా పోయాక కుండీల్లోకి మారుస్తాను. సంక్రాంతి నాటికి కాయలు చేతికొస్తాయి.

మొదటి ఏడాది మొక్కలు గుబురుగా పెరిగాయి, పూత విరగబూసింది. పిందె మాత్రం పట్టలేదు. రోజూ పొద్దున రాలిన తెల్లపూలు ఏరుకునేవాణ్ణి. నీళ్ళు, ఎరువు, ఎండ అన్నీ అనుమానించాను. గుంటూరు జిల్లాలో ముప్పై ఏళ్ళు మిరప చేలో తిరిగిన మా అమ్మ లోపలికొచ్చి రెండు నిమిషాలు నిలబడింది. "ఆకు కదలట్లేదు చూడరా. గాలి ఆడకపోతే పువ్వు ఎట్టా నిలబడుద్ది?" అంది.

మిరప పువ్వు తల కిందికి వేలాడుతుంది. ఆడా మగా రెండూ ఆ ఒక్క పువ్వులోనే. కీలం చుట్టూ ఊదా రంగు పుప్పొడి తిత్తులు పగిలి ఉంటాయి. కాస్త కదిలితే చాలు, పొడి రాలి అంటుకుంటుంది. చేలో ఆ కదలిక గాలీ తేనెటీగా ఇస్తాయి. రెంటినీ నేనే వల కట్టి ఆపేశాను. అప్పట్నుంచి పొద్దున తొమ్మిదింటికి, కొమ్మలు వేలాడదీసిన పురికొసల్ని ఒక్కొక్కటిగా వేలితో మీటుతాను. పద్నాలుగు మొక్కలకి ఐదు నిమిషాలు కూడా పట్టదు. నాలుగో రోజున, వాడిన రేకుల మధ్య నుంచి గింజంత పచ్చటి పిందె బయటికొచ్చింది.

అన్నిటికన్నా ముందు, కొమ్మ పంగలో వచ్చే మొదటి పువ్వుని మాత్రం గిల్లేస్తాను. చేతులు రావు. కానీ దాన్ని ఉంచితే చిన్న మొక్క బలమంతా ఆ ఒక్క కాయకే పోతుంది.

గాలి తర్వాత వాన. రెండో ఏడాది జనవరిలో చిగుళ్ళు ముడుచుకున్నాయి. తామర పురుగులనుకుని నీలి జిగురు అట్టలు కట్టి పది రోజులు పోగొట్టాను. అమ్మ ఒక ఆకుని వేళ్ళ మధ్య పట్టుకుని, "పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి. ఇది కిందికుంది కదరా" అంది. బయటి మొక్కల మీద పడే వాన ఆ నల్లిని కొంతైనా కడిగేస్తుంది, అక్షింతల పురుగులు కొంత తింటాయి. వలలోకి వాన జోరూ రాదు, ఆ పురుగులూ రావు. ముడిచిన చిగుళ్ళు తుంచి సంచిలో కట్టి పారేశాను. సాయంత్రం పూట లీటరుకి మూడు గ్రాముల చొప్పున నీళ్ళలో కరిగే గంధకం కొట్టాను. ఇప్పుడు వారానికోసారి ఆకుల అడుగులు తడిసేలా నీళ్ళు చిమ్ముతాను. నా చేతిలో స్ప్రేయరే వాటికి వాన.

కాయ అడుగున నల్లటి మచ్చ వస్తే మందుల కోసం పరిగెత్తక్కర్లేదు. ఒకరోజు ఎండగట్టి ఒకరోజు ముంచెత్తితే కాల్షియం కాయ కొసదాకా అందదు. రోజూ సమంగా తడిపితే కొత్త కాయలకి ఆ మచ్చ రాదు.

పచ్చగా కోసేది పచ్చి కాయే. ఇంకో మూడు వారాలు చెట్టునే ఉంచితే ఎర్రబడి తియ్యనవుతుంది. అందుకే మొక్కకి రెండు మూడు కాయలు వదులుతాను, మిగతావి పచ్చగానే కూరకి.

మొన్న పని మీద విజయవాడ వెళ్ళాను. తొమ్మిదిన్నరకి అమ్మ ఫోన్. "పురికొసలన్నీ కదిపానురా. మూడో కుండీలో కాయ ఒక పక్క ఎర్రబడింది. కొయ్యను, నువ్వొచ్చాక చూద్దువుగాని."