అడిగితేనే గీస్తారు

ఆర్ట్ గ్యాలరీలోకి అడుగుపెట్టడానికి చాలాచోట్ల డబ్బు కట్టక్కర్లేదు. లోపలికి వెళ్లినంత మాత్రాన బొమ్మ కొనాలన్న నియమం లేదు. ఇంగ్లీషులో మాట్లాడమని ఎవరూ అడగరు. ఈ మాటలు ఎంతమందికి చెప్పానో. అయినా మాదాపూర్‌లో స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ముందు నుంచి రోజూ ఆఫీసుకు వెళ్లే మా బంధువుల పిల్లలు ఇంతవరకూ ఆ గేటు దాటలేదు. "మాకేం అర్థమవుతుంది పిన్నీ" అంటారు. పాట వినేటప్పుడు రాగం పేరు తెలియాలనుకోం. సినిమాకు వెళ్లేటప్పుడు కెమెరా సంగతులు తెలిసి ఉండాలనుకోం. బొమ్మ దగ్గరికి వచ్చేసరికే పరీక్ష హాల్లో కూర్చున్నట్టు బిగుసుకుపోతాం.

నాకు బొమ్మలంటే ప్రాణం. ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదలైన ఇష్టం ఇది. ఏ ఊరు వెళ్తున్నా అక్కడేం ప్రదర్శన నడుస్తోందో ముందుగా వాకబు చేస్తాను. జనవరిలో బెంగళూరు చిత్రకళా పరిషత్ జరిపే చిత్రసంతె కోసం రైలు టికెట్టు ముందే తీసిపెట్టుకుంటాను. ఆ రోజు కుమారకృపా రోడ్డు పొడవునా బొమ్మలే. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన చిత్రకారులు తమ పనిని రోడ్డు పక్కనే పెట్టుకుని కూర్చుంటారు. గీసినవాళ్లతోనే మాట్లాడి, గీసినవాళ్ల చేతికే డబ్బిచ్చి తెచ్చుకోవచ్చు. మా ఇంట్లో ఉన్నవాటిలో చాలావరకు ఇలా తెచ్చుకున్నవే.

కొనడం కన్నా ముందు చూడటం గురించి చెప్పాలి. ప్రదర్శనకు వెళ్లగానే నేను బొమ్మ పక్కన అంటించిన చీటీ చదవను. ఎక్కడా ఆగకుండా హాలంతా ఒక చుట్టు చుట్టేస్తాను. రెండో చుట్టులో కాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ నిలబడిపోతాను. మొదట కనిపించేది బొమ్మలో ఉన్న వస్తువు. మేక, మనిషి, చెట్టు. కాసేపటికి ఇక చూడ్డానికి ఏమీ లేదనిపిస్తుంది. చాలామంది అక్కడే కదిలిపోతారు. కదలకుండా ఇంకాసేపు ఉంటే గీసిన చేయి కనిపించడం మొదలవుతుంది. గీత ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఒత్తి గీశారు, ఎక్కడ చేయి ఎత్తకుండా ఒక్క ఊపులో లాగేశారు, ఏ రంగు మీద ఏ రంగు పడింది, అన్నీ ఒక్కొక్కటిగా తెలుస్తాయి. చీటీ చదవడం ఆ తర్వాతి పని.

సాలార్‌జంగ్ మ్యూజియంలో జనమంతా ముసుగు రెబెకా దగ్గరే మూగుతారు. బెంజోనీ అనే ఇటలీ శిల్పి 1876లో చెక్కిన పాలరాతి బొమ్మ అది. రాయిలోంచి పల్చటి మేలిముసుగును తీసిన ఆ పనితనం ముందు ఎవరైనా ఆగాల్సిందే. కానీ అదే భవనంలో దక్కనీ సూక్ష్మచిత్రాల దగ్గర నేను వెళ్లినప్పుడల్లా నిలబడటానికి కావలసినంత చోటు దొరికింది. నాకు ఆ చిత్రాల ముందు గడిపిన పూటలే చూడటం నేర్పాయి. అవి చేతిలో పట్టుకుని చూడటానికి రాసిన బొమ్మలు. దగ్గరికి వెళ్తే తప్ప నడుముకు కట్టిన దట్టీ మీది పూలు కనిపించవు. అద్దానికి ముక్కు ఆనించినంత పని చేయాలి.

నల్ల రంగుకు ఎన్ని మెట్లుంటాయో నాకు తెలిసింది లక్ష్మాగౌడ్ ఎచింగ్‌లు చూశాకే. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, హైదరాబాద్‌లో, బరోడాలో చదువుకున్న చిత్రకారుడు ఆయన. పల్లె మనుషులనూ మేకలనూ చెట్లనూ ఒకదానిలోంచి ఒకటి పుట్టినట్టు గీస్తారు. వాళ్ల ఆకలినీ కోరికనూ దాచరు. అంత సన్నటి గీతల్లోంచి అంత చిక్కటి నలుపు ఎలా వస్తుందో తెలుసుకోవాలని పట్టుబట్టి, ప్రింట్లు తీసేవాళ్ల వెంటపడ్డాను.

ఎచింగ్ కోసం ముందు జింక్ పలక మీద మైనం లాంటి పూత వేస్తారు. సూదితో దాని మీద గీస్తే గీసినచోట పూత లేచిపోయి లోహం బయటపడుతుంది. పలకను యాసిడ్‌లో ముంచితే ఆ గీతలను యాసిడ్ తినేసి గాడి చేస్తుంది. పూత తుడిచేసి, గాడుల్లోకి సిరా ఎక్కించి, పైన మిగిలిన సిరాను శుభ్రంగా తుడిచి, తడిపిన కాగితాన్ని పలక మీద పరిచి ప్రెస్‌లో నొక్కుతారు. గాడిలోని సిరా కాగితానికి ఎక్కుతుంది. పలక అంచు కూడా కాగితంలోకి దిగి చుట్టూ చిన్న పల్లం పడుతుంది. కాగితాన్ని వెలుతురుకు వాలుగా పట్టుకుంటే ఆ అంచు కనిపిస్తుంది, వేలితో తడిమితే తగులుతుంది. కంప్యూటర్ ప్రింటుకు ఆ స్పర్శ ఉండదు.

ఫైన్ ఆర్ట్స్ విద్యార్థుల ప్రదర్శనలో ఒక ఎచింగ్ కొన్నాను. పాత ఇంటి వసారాలో వాల్చిన నులక మంచం, దాని కింద పడుకున్న కుక్క, అంతే. గీసిన అబ్బాయి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. "నులక సందులు ఇంత నల్లగా ఎలా తెచ్చావు నాన్నా?" అనడిగాను. అతని మొహం వెలిగిపోయింది. "మంచం కోళ్లకీ కుక్కకీ వార్నిష్ పూసి ఆపేశానండీ. సందులు మాత్రం మళ్లీ మళ్లీ యాసిడ్‌లో పెట్టాను. ఇంకొంచెం ఉంచితే పలకే పోయేది" అన్నాడు. ఇంటికి తెచ్చాక భూతద్దం పెట్టి చూస్తే ఆ సందుల్లో సిరా కాగితం మీద నిజంగానే పొరలా ఎత్తుగా ఉంది. కుక్క చెవి దగ్గర ఒక్క చోట వార్నిష్ జారి సన్నటి మచ్చ పడింది. ఆ మచ్చ అంటే నాకు మరీ ఇష్టం.

ప్రింటు కింద ఎడమపక్క పెన్సిల్‌తో రెండు అంకెలు ఉంటాయి. మొత్తం ఎన్ని కాపీలు తీశారు, అందులో ఇది ఎన్నోది అని. ఒకే పలక నుంచి కొన్ని ప్రతులు వస్తాయి కాబట్టి ప్రింటు ధర కాన్వాసు ధరంత ఉండదు. ఆ మంచం బొమ్మ ఖరీదు మంచి గద్వాల చీర ఖరీదులో మూడో వంతు. పెళ్లికి వెళ్తే చీర పెడతాం, గృహప్రవేశానికి గోడ గడియారం తీసుకెళ్తాం. ఆ డబ్బుకే ఒక కుర్రాడి చేతిపని వస్తుందని మనకు తోచదు. అతని మొదటి బొమ్మ అమ్ముడుపోతే రెండో పలక కొనుక్కుంటాడు. నేను కళ్లారా చూసిన సంగతి ఇది.

ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా అనేవాళ్లకు నేను జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతుల సంగతి చెబుతాను. ఆయన ఝాన్సీలో పుట్టి, శాంతినికేతన్‌లో చదువుకుని, 1950ల మొదట్లో హైదరాబాద్ వచ్చారు. ఇద్దరూ చిత్రకారులే. వాళ్ల వెనక సంస్థానం లేదు, ఖజానా లేదు. ఉన్నది కన్ను. పెద్ద కొనుగోలుదారులు పట్టించుకోని జానపద కంచు బొమ్మలు, అద్దకం బట్టలు, దక్కనీ చిత్రాలు, తెలంగాణ పటాలు ఎంచి ఎంచి చేర్చారు. 1976లో ఆ సేకరణతో ఒక ట్రస్టు మ్యూజియం ఏర్పాటు చేశారు. సేకరించడమంటే నా ఉద్దేశంలో అది. వేలంపాటలో ఎంత పలికింది అన్న లెక్కకు దానితో సంబంధం లేదు.

రాజమండ్రి వెళ్లినవాళ్లు చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీ చూడకుండా రాకూడదు. 1925లో మశూచి ఆయన్ని తీసుకుపోయేనాటికి 28 ఏళ్లు కూడా నిండలేదు. అంత చిన్న వయసులో పోయినవాడి బొమ్మలు ఇంటింటికీ చెదిరిపోవడం ఎంతసేపు! వరదా వెంకటరత్నం లాంటి సహచరులు పట్టుదలగా నిలబడ్డారు కాబట్టే ఆయన 'సిద్ధార్థ రాగోదయం' బొమ్మ ముందు ఇవాళ మనం నిలబడగలుగుతున్నాం.

ఇంట్లో బొమ్మను కాపాడుకోవడం పెద్ద విద్యేం కాదు. పటం కట్టేవాళ్లకు రెండు మాటలు గట్టిగా చెప్పాలి. అద్దం కాగితానికి తగలకూడదు, మధ్యలో మౌంటు ఉండాలి. ఆ మౌంటు బోర్డు యాసిడ్ లేనిదై ఉండాలి, లేకపోతే కొన్నేళ్లకు బొమ్మ అంచులు గోధుమరంగు తిరుగుతాయి. ఎండ నేరుగా పడే గోడకూ వానాకాలం చెమ్మెక్కే గోడకూ తగిలించకూడదు.

ఇక తెలంగాణలోని చేర్యాల ఊరి బొమ్మ. ఈ మధ్య ఎక్కడ చూసినా ఆ బొమ్మే. తాళంచెవుల గొలుసు, కలాల డబ్బా, రిటర్న్ గిఫ్టు పళ్లెం. ఎర్రటి నేల, పెద్ద కళ్లు, చూడగానే గుర్తుపడతాం. ఆ పని మీద బతికే నకాషీ కుటుంబాలు కొన్నే మిగిలాయి. వాళ్లకు ఈ గిరాకీ అన్నం పెడుతోంది, అందుకు సంతోషమే. కానీ ఆ చేయి అసలు గీసింది ఏమిటో తలుచుకుంటే మనసు ఆగదు. 3 అడుగుల వెడల్పు, 30 నుంచి 60 అడుగుల దాకా పొడవు, ఒక కులం పుట్టుక కథ మొత్తం వరసలు వరసలుగా రాసిన పటం. పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు ఆ పటాన్ని వేలాడదీసి, ఒక్కో వరసా చూపిస్తూ రాత్రుళ్లు కథ చెప్పేవారు. పటం పాతబడితే దాన్ని నదిలో కలిపేసి కొత్తది రాయించుకునేవారు. అందుకే పాతవి అరుదు. కథ చెప్పించుకునేవాళ్లు తగ్గారు, పటం అడిగేవాళ్లు తగ్గారు. గొలుసులు అడిగేవాళ్లు పెరిగారు. నకాషీలు మారలేదు, అడిగే మనం మారాం.

ఈ మాట ఒక నకాషీ పెద్దాయన ఇంట్లో కూర్చుని అన్నాను. ఆయన గుడ్డకు పూత వేస్తున్నారు. గంజి, సుద్ద, ఉడికించి రుబ్బిన చింతగింజలు, బంక కలిపిన పూత. ఒకటి ఆరాక ఇంకొకటి. "ఆర్డరిస్తె గీస్తం గద మేడం. ఎవలు అడుగుతలేరు. అందరు చిన్నయే కావాలంటరు, కారుల పట్టాలె అంటరు" అన్నారు తల ఎత్తకుండా.

మార్కండేయ పురాణం కావాలని అడిగాను. పద్మశాలీల పటంలోని భావనారుషి కథ. 60 అడుగులు పెట్టే గోడ నాకు లేదు. మా హాలు ఎత్తుకు సరిపడా, ముఖ్యమైన ఘట్టాలతో, ఖాదీ గుడ్డ మీద. ఆయన చేయి ఆగింది. "కథ వరసగ కావాల్నా? ఉత్త బొమ్మలు చాలా?" అన్నారు. వరసగానే కావాలన్నాను.

పటం వచ్చాక దాన్ని నేల మీద పరిచి, చాప మీద బోర్లా పడుకుని చూశాను. పైన గణపతి. ఆ కింద యజ్ఞగుండం లోంచి లేస్తున్న పిల్లవాడు. పక్క వరసలో తామరతూడు నుంచి దారం తీస్తున్న భావనారుషి, ఆ పక్కనే మగ్గం గుంటలో దిగి నేస్తున్నాడు. గుంటలో కనపడని కాళ్లను కూడా ఆయన గీశారు. మట్టిని కోసి చూపించినట్టు, తొక్కుడు చెక్కల మీద రెండు పాదాలు, ఒకటి కిందికి, ఒకటి పైకి. నేత తెలిసినవాళ్లను చూసిన కన్నే ఆ పాదాలు గీయగలదు. పులి మీద ఎక్కి వస్తున్న ఘట్టంలో పులి చారలు తోక చివరికి వచ్చేసరికి మూడు చుక్కలుగా మారాయి. నేల అంతా ఇంగిలీకపు ఎరుపు. ఒక్కో వరసకూ మధ్య పూలతీగ.

మా పై అంతస్తులో ఉండేవాళ్లది సిరిసిల్ల వైపు నేత కుటుంబం. వాళ్ల అత్తగారు పండక్కి వచ్చి, మా హాల్లో పటం చూసి, "ఇది మా కథ గదమ్మా" అని సోఫాలో కూర్చోకుండా పటం ముందే కూర్చుంది. పైనుంచి కింది దాకా పేర్లతో సహా చెప్పుకొచ్చింది. రెండు ఘట్టాలు లేవని కూడా చెప్పింది. తర్వాత వాళ్ల బంధువులు నలుగురు కలిసి తమ సంఘం హాలుకు పెద్ద పటం రాయించుకుంటామని నకాషీ పెద్దాయన నంబరు నా దగ్గర తీసుకున్నారు.

పోయిన వారం ఆయన ఫోన్ చేశారు. ఆర్డరు ఖాయమైందట. ఇంత పొడుగు పటం తన చిన్నతనంలో తండ్రి చేతి కింద చేశారట, మధ్యలో కొన్ని ఘట్టాల వరస సరిగ్గా గుర్తుకు రావడం లేదట. గుడ్డకు పూత వేయడం ఇంట్లోవాళ్లకు అప్పజెప్పి, కూనపులివాళ్లలో ఇంకా కథ చెప్పగలిగిన ఒక పెద్దమనిషి ఉన్నాడని తెలిసి, వరస రాసుకోవడానికి మనవరాలిని వెంటబెట్టుకుని బస్సెక్కుతున్నానని చెప్పారు.