ఒకే అల్లూరి, రెండు దేశభక్తులు

విశాఖపట్నం సీతమ్మధారలో అల్లూరి సీతారామరాజు విగ్రహం ఉంది. జూలై 4న జయంతికి, మే 7న వర్ధంతికి రకరకాల జెండాల వాళ్ళు వచ్చి దండలు వేసి వెళ్తారు. ఇంతమందికి ఇష్టుడైన వీరుణ్ణి చూస్తే ఒక అనుమానం రావాలి. బతికుండగా ఆయన కొందరికి బొత్తిగా గిట్టనివాడు. ఆ గిట్టకపోవడానికి కారణమైన విషయాన్ని మనం ఎక్కడ వదిలేశాం?

దీనికి జవాబు వెతకడానికి రెండు సినిమాలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఒకటి 1974లో వచ్చిన కృష్ణ నూరో చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’. రెండోది 2022 మార్చి 25న విడుదలైన రాజమౌళి ‘ఆర్ఆర్ఆర్’. మొదటిది జీవితకథ చెబుతానంది. రెండోది కల్పితమేనని ముందే చెప్పుకుంది. కాబట్టి చరిత్రను తప్పారని రెండోదాన్ని నిలదీయడం న్యాయం కాదు. అయితే కల్పించే స్వేచ్ఛ ఉన్నప్పుడు ఏది ఉంచారు, ఏది తీసేశారు అని అడగొచ్చు. అది విమర్శ పనే.

ముందు అసలు సంగతి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం మన్యం కొండల్లో గిరిజనుల పోడు సాగుకు అడ్డుపడింది. అడవిలో కట్టెపుల్ల విరిచినా నేరమైంది. గూడెం ప్రాంతంలో బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు రోడ్డు పనులకు గిరిజనులను తోలి, కూలి ఎగ్గొట్టి చాకిరీ చేయించుకున్నాడు. పాత హక్కులు పోగొట్టుకున్న ముఠాదార్లు, అంటే కొండ గ్రామాల పెత్తందార్లు, లోలోపల రగులుతున్నారు. గాం గంటం దొర, మల్లు దొర లాంటివాళ్ళు సీతారామరాజు వెంట నడవడానికి కారణాలు ఇవీ. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. సెప్టెంబరులో దామనపల్లి దగ్గర పొంచి ఉన్న దళం, ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను మాత్రమే కాల్చింది. శత్రువెవరో ఎంచుకోవడంలో రాజు పాటించిన నిగ్రహం అది. ఎదుటి వరుసలో నిలబడ్డ ప్రతివాడూ ఆయన లెక్కలో శత్రువు కాడు.

1974 చిత్రం ఈ కారణాలను పూర్తిగా మింగెయ్యలేదు. వెట్టి, అటవీ ఆంక్షలు, అధికారుల దోపిడీ కథకు పునాదిగా ఉన్నాయి. తిరుగుబాటును అణచడానికి వచ్చిన బ్రిటిష్ అధికారి రూథర్‌ఫర్డ్‌గా జగ్గయ్య వేసిన పాత్రకు ఒక హుందాతనం ఉంది. తన ప్రభుత్వం పని తాను చేస్తున్న మనిషిగా కనిపిస్తాడు తప్ప కోరలున్న రాక్షసుడిగా కాదు. అందువల్ల ప్రేక్షకుడి కోపం ఒక జాతి మీదికి కాక ఒక పాలన మీదికి మళ్ళుతుంది. అట్లాగని సినిమాకు లోపాలు లేవనను. తొలి తెలుగు సినిమాస్కోప్ చిత్రమన్న ఆర్భాటం చాలాచోట్ల మన్యం మనుషులను వీరుడి వెనక గుంపుగా నిలబెట్టింది. జాతీయ అవార్డు తెచ్చిన శ్రీశ్రీ పాట తెలుగు వీరుణ్ణి లేవమంటుంది. కొండల్లో నిజంగా లేచినవాళ్ళు కొండదొరలు, భగతలు, కోయలు. తెలుగు అభిమానం వాళ్ళ పేర్లను తనలో కలిపేసుకుంది.

ఇక ‘ఆర్ఆర్ఆర్’. దాని గొప్పలు ముందు ఒప్పుకోవాలి. తీరాంధ్ర రామరాజునూ గోండు కొమరం భీమ్‌నూ ప్రాణస్నేహితులుగా ఊహించడం అందమైన ఆలోచన. భీమ్ అక్తర్ పేరుతో ఢిల్లీలో ఒక ముస్లిం ఇంట తలదాచుకుంటాడు. జెన్నీ అనే తెల్లపిల్ల మంచితనానికి ప్రతినిధిగా నిలుస్తుంది. పరాయివాణ్ణి ద్వేషించమని ఈ సినిమా బాహాటంగా చెప్పదు.

అయినా చిక్కు ఉంది. చరిత్రలో భీమ్ పోరాడింది తెల్లవాళ్ళతో కాదు, నిజాం అటవీ సిబ్బందితో, పోలీసులతో. 1940లో జోడేఘాట్‌లో ఆయన్ను చంపింది స్వదేశీ సంస్థానం తుపాకీ. సినిమాలో ఆ కథంతా గవర్నర్ స్కాట్ బక్స్‌టన్ నెత్తిన పడింది. అడవి హక్కు స్థానంలో అపహరణకు గురైన మల్లి అనే చిన్నపిల్ల వచ్చింది. పిల్లను ఎత్తుకుపోతే ఎవరికైనా రక్తం ఉడుకుతుంది, అందులో వాదానికి చోటే ఉండదు. పోడు భూమి ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం మనలోనే రెండు పక్షాలు ఉంటాయి. ఒక పక్షంలో మనమే ఉండొచ్చు కూడా. ఆ ఇబ్బందిని సినిమా నేర్పుగా తప్పించింది.

ముగింపు ఇంకా చెబుతుంది. ఏం కావాలని రామరాజు అడిగితే భీమ్ చదువు కావాలంటాడు. జల్, జంగల్, జమీన్ అని రామరాజు రాసిపెడతాడు. భీమ్ పేరుతోనే పెనవేసుకున్న నినాదం అక్కడ స్నేహితుడి చేతినుంచి భీమ్‌కు దానంగా దొరికింది. 1974 చిత్రం గిరిజనుణ్ణి గుంపులో నిలబెట్టింది. ఇది అతణ్ణి పక్కనే నిలబెట్టి శిష్యుణ్ణి చేసింది. ఆయుధాలు ఊరికి చేరతాయి, పాట మొదలవుతుంది, సుభాష్ చంద్రబోస్ నుంచి శివాజీ దాకా మహనీయుల బొమ్మలు వస్తాయి. ఆ తుపాకులు తెల్లవాడు పోయాక ఎవరిని ప్రశ్నిస్తాయో ఎవరూ అడగరు.

రాజు తిరగబడ్డ 1922లోనే ఎరిక్ బ్లెయిర్ అనే పంతొమ్మిదేళ్ళ ఇంగ్లీషు కుర్రాడు బర్మాలో పోలీసు ఉద్యోగానికి ఓడెక్కాడు. తర్వాత జార్జ్ ఆర్వెల్ అనే పేరుతో 1945లో ఒక వ్యాసం రాస్తూ, దేశభక్తి తన చోటును తాను కాపాడుకుంటుందనీ జాతీయవాదం అధికారం కోసం తపిస్తుందనీ తేడా చూపాడు. మంచి మాటే. కానీ ఏలినవాడి దేశంలో పుట్టిన కొలత అది. ఏలుబడిలో నలిగినవాళ్ళకు అధికారం కోరుకోవడమే తప్పు కాదు, రాజు కోరిందీ ఒక విధమైన అధికారమే. మనకు పనికొచ్చే పరీక్ష వేరు: శత్రువును కథలోంచి తీసేస్తే ఆ దేశప్రేమకు చేసే పని మిగులుతుందా? మొదటి సినిమాలో తెల్లవాణ్ణి తీసేసినా తహసీల్దారు, వెట్టి, అడవి మిగులుతాయి. రెండోదాంట్లో తీసేస్తే పాట తప్ప మరేదీ మిగలదు. శత్రువు లేకుండా నిలవలేని ప్రేమ, కొత్త శత్రువును వెతుక్కోక తప్పదు. సరిహద్దు అవతల దొరక్కపోతే ఇవతలే వెతుకుతుంది. దేశభక్తి హానికి తిరిగే మలుపు అదే.

ఇది సినిమాలకే పరిమితం కాదు. ‘ఆర్ఆర్ఆర్’ వచ్చిన పదిరోజులకే, 2022 ఏప్రిల్ 4న, పాడేరు కేంద్రంగా అల్లూరి పేరుతో జిల్లా ఏర్పడింది. ఆ జూలై 4న భీమవరంలో ముప్పై అడుగుల కంచు విగ్రహాన్ని ప్రధాని ఆవిష్కరించారు. ఈ గౌరవాలు తప్పు కాదు. అయితే రాజు పోరాడిన మన్యం కొండల మీదే, 2015 నవంబరులో జీవో 97 చింతపల్లి, జెర్రెల రిజర్వు అడవుల్లో బాక్సైట్ తవ్వకానికి 1,212 హెక్టార్లు ఇవ్వజూపింది. గిరిజనులు ఎదురుతిరిగారు. చివరికి 2019లో మరో ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. ఆ జీవో ఇచ్చింది తెల్లదొరతనం కాదు, మనం ఓట్లేసి గెలిపించిన ప్రభుత్వం. దాన్ని ఎదిరించినవాళ్ళు ఏ పరాయి జాతినీ తిట్టలేదు, తమ అడవిని తమకు వదిలెయ్యమన్నారు. రాజు పేరు ఎత్తినా ఎత్తకపోయినా ఆయన ప్రశ్నను అక్కడ మళ్ళీ అడిగింది వాళ్ళే.

అందుకే మే 7న దండ వేసే నాయకుణ్ణి ఒక్క మాట అడగాలి: 2006 అటవీ హక్కుల చట్టం కింద మన్యంలో రావలసిన పట్టాల సంగతి ఏమైంది? జవాబు చెప్పడానికి ఆగినవాడిది దేశభక్తి. అడగడమే ద్రోహమన్నవాడిది శత్రువు లేకుండా నిలవలేని ఆ రెండోది.