కడప పొడి, టోక్యో పలక: బొగ్గుగడ్డ నుంచి ఒక బేరీజు

మందమర్రిలో సింగరేణి బొగ్గు సంస్థ 28 మెగావాట్ల సోలార్ ప్లాంటు పెట్టింది. పొద్దు గూకితే అది ఆగిపోతుంది. బొగ్గు అట్లా కాదు, రాత్రి షిఫ్టుకూ మండుతుంది. ఎండను బొగ్గులా దాచుకోగల ఇంధనం కావాలన్న ఈ అవసరం నుంచే, ఎండతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ ఇంధనం తీసే కాంతి ఉత్ప్రేరకాల పరిశోధనను చదవాలి. 1972లో ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్‌పై కాంతి పడితే నీరు విడిపోతుందని చూపించారు. ఆ దారిలో వచ్చిన రెండు కృషులను ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాను.

మొదటిది మన కడపది. యోగివేమన విశ్వవిద్యాలయంలో ఎం.వి. శంకర్ బృందం, హైదరాబాద్ భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తలతో కలిసి, టైటానియం డయాక్సైడ్‌కు కాపర్ ఆక్సైడ్ సూక్ష్మకణాలు జోడించి 2013లో ఫలితాలు ప్రచురించింది. గ్లిజరాల్ కలిపిన నీటి నుంచి ఎండలో హైడ్రోజన్ తీసింది. రెండోది టోక్యోది. కజునారి డొమెన్ బృందం అల్యూమినియం చేర్చిన స్ట్రాన్షియం టైటనేట్ పలకలను 100 చదరపు మీటర్ల మేర ఆరుబయట పరిచి, 2021లో 'నేచర్'లో వివరించింది.

పదార్థం ఎంపికలో కడపదే పైచేయి. ఈ రంగంలో చాలామంది ప్లాటినం వాడతారు. రాగి చవక, ఎక్కడైనా దొరుకుతుంది. బయోడీజిల్ తయారీలో మిగిలే గ్లిజరాల్‌ను వాడుకోవడమూ తెలివైన పనే. కానీ ఆ గ్లిజరాలే ఈ కృషికి హద్దు కూడా. నీటిని విడగొట్టడంలో కష్టమైన సగం ఆక్సిజన్‌ను విడుదల చేయడం. ఇక్కడ ఆ సగాన్ని గ్లిజరాల్ తప్పిస్తుంది. తాను ఆక్సీకరణం చెంది, హైడ్రోజన్‌లో కొంత తానే ఇస్తుంది. కాబట్టి ఎండ నుంచి కొత్తగా దాచిన శక్తి తక్కువ.

టోక్యో పలకలో నీరు తప్ప మరేమీ ఖర్చు కాదు. హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ వస్తాయి. ఆ మిశ్రమం ఎంత ప్రమాదమో బొగ్గు బాయిలో గ్యాస్ పరీక్షించే కార్మికుడికి వేరే చెప్పక్కర్లేదు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య పేలుతుంది. హైడ్రోజన్‌కైతే ఆ హద్దులు 4 నుంచి 75 శాతం. డొమెన్ బృందం ఆ మిశ్రమాన్ని పొర ద్వారా వేరుచేస్తూ నెలల తరబడి క్షేమంగా నడిపింది. నా దృష్టిలో దాని అసలు ఘనత ఇదే.

సామర్థ్యం మాటకొస్తే టోక్యోదీ చిన్నదే, గరిష్ఠంగా 0.76 శాతం. 100 చదరపు మీటర్ల మీద మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 100 కిలోవాట్లనుకుంటే, హైడ్రోజన్‌గా మిగిలేది 760 వాట్లు. అంతే జాగాలో మామూలు సిలికాన్ ప్యానెళ్లు దాదాపు 20 కిలోవాట్ల కరెంటు ఇస్తాయి. ఆ కరెంటుతో ఎలక్ట్రోలైజర్ నడిపి హైడ్రోజన్ తీసినా పది శాతం దాటుతుంది. కాంతి ఉత్ప్రేరకాలు ఇంత వెనుకబడటానికి కారణం తెలిసిందే. ఈ పదార్థాలు అతినీలలోహిత కాంతినే పట్టుకుంటాయి, ఎండలో అది ఐదు శాతం లోపే.

అయినా టోక్యో పత్రం తన చిన్న అంకెను దాచలేదు. పడిన ఎండలో ఎంత ఇంధనమైందో శాతంలో చెప్పింది. కడప పత్రం కొలత గ్రాము ఉత్ప్రేరకానికి గంటకు ఇన్ని మైక్రోమోల్‌లు. ప్రయోగశాలలో పొడిని పొడితో పోల్చడానికి ఆ కొలత పనికొస్తుంది. ఎన్ని ఎకరాలు కావాలో, ఏడాదికి ఎంత ఇంధనం వస్తుందో మాత్రం చెప్పదు. మంచిర్యాల జిల్లా జైపూర్‌లో 1200 మెగావాట్ల థర్మల్ కేంద్రం పక్కన బతికే ఊళ్లకు కావాల్సిన లెక్క అదే.

ఇవాళ మందమర్రికి కాంతి ఉత్ప్రేరకం జవాబు కాదు, ప్యానెలే జవాబు. ఈ రెండు కృషుల్లో రేపటి దారి దగ్గర చేసింది టోక్యో. ఆ దారిలో నడవడానికి చవకైన పదార్థం చూపింది కడప. అందుకే మన పరిశోధకులకు నా విన్నపం: గ్లిజరాల్ లేని నీటితో, ఎండ నుంచి ఇంధనానికి శాతం లెక్కతో, బొగ్గు దుమ్ము పడే ఆరుబయట ఏడాదిపాటు మీ పొడిని పరీక్షించండి. సింగరేణి అందుకు కొంత జాగా ఇవ్వాలి.