నలభై ఇళ్ల లెక్క

పరిశోధన అంటే ఎన్ని వ్యాసాలు అచ్చయ్యాయన్న లెక్కగా మారిపోయి చాలా కాలమైంది. ఉద్యోగానికి పాయింట్లు కావాలి, పాయింట్లకు వ్యాసాలు కావాలి. ఈ గిరాకీ చూసి సైన్సు, ఇంజినీరింగు, సమాజశాస్త్రం అన్నిటినీ ఒకే అట్ట కింద వేసే పత్రికలు పుట్టుకొచ్చాయి. వాటిలో చాలా వాటికి ఫీజు కడితే చాలు. బాయిలర్ మీద ఒక వ్యాసం, దాని పక్కనే మహిళా సంఘాల మీద ఇంకొకటి. ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం ఇచ్చేముందు వ్యాసం అచ్చు వేయించి తీరాలన్న నిబంధనను యూజీసీ 2022 నవంబరులో తీసేసింది. మంచి పనే, కానీ అసలు ప్రశ్న అలాగే ఉంది. ఇన్ని శాస్త్రాలు నిజంగా ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే ఏం కావాలి? ఒకే చోట చాలాకాలం ఉండి రాసిన లెక్క కావాలని నేనంటాను. రుజువు కోసం నాగర్‌కర్నూల్ జిల్లాలోని ఉప్పునుంతల నుంచి ఎంతో దూరం పోనక్కర్లేదు.

కల్వకుర్తి దాటి ఉత్తరానికి పోతే మాడ్గుల మండలంలో ఔరేపల్లి ఉంది. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఉప్పునుంతల నాగర్‌కర్నూల్‌కూ, ఔరేపల్లి రంగారెడ్డికీ పోయాయి కానీ, అంతకుముందు రెండూ మహబూబ్‌నగర్ జిల్లావే. అదే చెల్క నేల, అదే వాన మీద ఆశ. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మెట్ట రైతు మంచి విత్తనమిచ్చినా ఎందుకు వెనకాడతాడో తెలుసుకోవడానికి 1975లో ఆరు ఊళ్లు ఎంచుకుంది. మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లి, దోకూరు. మిగతా నాలుగూ మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాల్లో. ఒక్కో ఊళ్లో 40 ఇళ్లు: 30 సేద్యం చేసేవి, 10 భూమి లేని కూలీలవి. డిగ్రీ చదివి, ఆ ప్రాంతపు భాష మాట్లాడే పరిశోధక సహాయకులు ఊళ్లోనే కాపురముండి, మూడు నాలుగు వారాలకోసారి ఇంటింటికీ పోయి ఏం విత్తారు, ఎంత పండింది, ఎవరి దగ్గర అప్పు తెచ్చారు, ఏం తిన్నారు, ఎవరు కూలికి పోయారు అని రాసుకున్నారు. ఔరేపల్లిలో ఇది దాదాపు పదేళ్లు ఆగకుండా సాగింది. జొన్న, ఆముదం, సజ్జ, కంది, బావి కింద వరి, గౌడల కల్లు గీత అన్నీ ఆ లెక్కలోకి ఎక్కాయి.

ఆ లెక్క మీద ఎవరెవరు పనిచేశారో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఆర్థికవేత్త హాన్స్ బిన్స్‌వాంగర్ ఈ ఊళ్ల రైతులతో నిజమైన డబ్బు పెట్టి పందాలాడించి, 1980లో ఫలితం ప్రకటించాడు: పందెం పెద్దదయ్యేకొద్దీ ధనికుడూ పేదవాడూ దాదాపు ఒకేలా జంకుతారు. అంటే పేదరైతు ఎరువుకు వెనకాడేది పిరికితనం వల్ల కాదు, చేతిలో పెట్టుబడి లేక. రైతుకు తెలివి నేర్పాలని బయల్దేరే ఆఫీసర్లకు ఈ ఒక్క ముక్క చాలు. రోజెన్‌జ్వైగ్, స్టార్క్ 1989లో మరో కోణం పట్టుకున్నారు: ఆదాయం నిలకడ లేని కుటుంబాలు ఆడపిల్లను దూరపు ఊరికి ఇవ్వడం ఎక్కువ. ఇక్కడ వాన పడకపోయినా వియ్యంకుల ఊళ్లో పడవచ్చు గదా. 1994లో రాబర్ట్ టౌన్సెండ్ ఔరేపల్లినీ మహారాష్ట్రలోని రెండు ఊళ్లనూ తీసుకుని, ఒక ఇంటి పంట పోయినా ఆ ఇంటి ఖర్చు ఊరి సగటుతోపాటే నడుస్తుందని చూపాడు. చేబదుళ్లు, బంధువులు, అమ్ముకున్న గింజలు కలిసి బీమాలా పనిచేస్తున్నాయన్నమాట. అయితే ఒక ఊళ్లో భూమి లేనివాళ్లకు ఆ రక్షణ తక్కువని ఆయనే చెప్పాడు. మూడేళ్లకు రావల్లియన్, చౌధురి అవే అంకెలు తీసి, ఆదాయం పడితే తిండి మీద పడే దెబ్బ టౌన్సెండ్ లెక్కించినదానికంటే గట్టిదేనని వాదించారు. నాకు నచ్చేది ఈ చివరిదే. లెక్క నిలిచి ఉంది కాబట్టి తప్పు పట్టడానికి వీలైంది. ఒకసారి ప్రశ్నావళి పంచి, వ్యాసం రాసి, కాగితాలు అటకెక్కించిన పరిశోధనను తప్పని నిరూపించడం కూడా ఎవరివల్లా కాదు.

నలభై ఇళ్లతో దేశం గురించి ఏం చెప్పగలం అని గణాంకాలవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. తెలంగాణలో పేదరికం ఎంత శాతమో ఔరేపల్లి చెప్పలేదు. దానికి జాతీయ నమూనా సర్వేలు ఉండాల్సిందే. కానీ సర్వే మనిషి ఇంటికి కొద్దిసార్లే వచ్చి పోతాడు. అప్పటికి ఉన్న అప్పు కనిపిస్తుంది, అది ఏ కరువులో మొదలై ఏ పెళ్లితో పెరిగిందో కనిపించదు. ఈ ఊళ్లలో పనిచేసిన ఎన్.ఎస్. జోధా తర్వాత ఏడు రాష్ట్రాల మెట్ట ప్రాంతాల్లో 80కి పైగా ఊళ్లు తిరిగి, 1950ల నుంచి 80ల దాకా గ్రామ ఉమ్మడి భూములు 31 నుంచి 55 శాతం తగ్గిపోయాయని 1986లో రాశాడు. ఆ నష్టం పేదలకే ఎందుకు ఎక్కువ తగిలిందో అర్థం కావాలంటే, ఇంటికి వచ్చే కట్టెలు, గడ్డి, పండ్లు కూడా లెక్కలోకి ఎక్కాలి. మార్కెట్ ధర లేని వస్తువులవి. శాటిలైట్ బొమ్మలో పచ్చదనం తగ్గడం కనిపిస్తుంది, అక్కడ గడ్డి ఎవరు కోసుకునేవారో కనిపించదు.

అసలైన ఆక్షేపణ వేరే ఉంది. ఈ పరిశోధనల వల్ల ఊరికి ఏం ఒరిగింది? దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. 2003లో ఇదే మహబూబ్‌నగర్ జిల్లాలో సూక్ష్మరుణ సంస్థ బేసిక్స్, బీమా కంపెనీ ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి వేరుశనగ, ఆముదం రైతులకు వానను బట్టి పరిహారమిచ్చే బీమా తెచ్చాయి. వర్షమాపకం చూసి డబ్బిచ్చే పద్ధతి. పొలం చూడటానికి ఎవరూ రానక్కర్లేదు. నష్టానికి జంకేవాడే ముందు కొంటాడని పుస్తకాలు చెప్పాయి. జినే, టౌన్సెండ్, వికరీ పరిశీలిస్తే తలకిందులైంది: జంకేవాళ్లే తక్కువ కొన్నారు, అందులోనూ బేసిక్స్‌తో పరిచయం లేనివాళ్లు. బీమా కాగితం కూడా వాళ్లకు ఇంకో పందెంలాగే తోచిందన్నమాట. ఊరు శాస్త్రాన్ని సరిదిద్దింది, నిజమే. ఆ సంగతి ఊరివాళ్లకు వాళ్ల భాషలో ఎవరు చెప్పారన్నది మాత్రం నేను సమర్థించుకోలేని చోటు. ఇంగ్లిష్ జర్నల్‌లో అచ్చయిన వ్యాసం సర్పంచ్ బల్ల మీదకు దానంతటది రాదు.

అందుకే పాలమూరు విశ్వవిద్యాలయం గురించి ఒక మాట. 2008లో పుట్టిన ఆ యూనివర్సిటీకి గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌లలో పీజీ కేంద్రాలున్నాయి. ప్రతి విద్యార్థీ కొత్త మండలం వెతుక్కుని కొత్త ప్రశ్నావళి పంచే బదులు, ఉప్పునుంతలలో నలభై ఇళ్లు తీసుకుని, ఏటా ఒక బ్యాచ్ ముందటి బ్యాచ్ లెక్కను కొనసాగించవచ్చు. దుందుభి ఒడ్డు బావుల నీటిమట్టం ఒకరు, మట్టి ఒకరు, వలస పోయినవారి కూలి ఒకరు, పిల్లల బరువు ఒకరు, అన్నీ అవే ఇళ్లలో. ఏడాదికోసారి గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలన్నది షరతు. థీసిస్ ఎవరి పేరున పోవాలన్న పేచీ తప్పక వస్తుంది. 1990లో ఇక్రిశాట్ ఊళ్ల మీద వచ్చిన పెద్ద పుస్తకం అట్ట మీద ఉన్నవి వాకర్, ర్యాన్ పేర్లు. ఊళ్లో కాపురముండి ఇంటింటి లెక్క రాసినవాళ్లవి కావు. ఈసారి ఆ పేర్లనూ ముందే ఒప్పందంలో రాసుకోవాలి.