కారుకు వేసిన రంగు: శాన్ ఆండ్రియాస్ గేముపై ఒక పరిశీలన

మన యిండ్లలోని యువకులు గంటలకొలది ఆడు వీడియో గేములను గూర్చి పెద్దలు సాధారణముగా అను మాట ఒక్కటే: కాలహరణము. అందులో నిజము లేకపోలేదు. అయినను నాటకమును, చలనచిత్రమును గూడ ఒకప్పుడు ఆ మాటతోనే త్రోసిపుచ్చిన పెద్దలుండిరి. కావున ఈ గేములలోని ఒక చిన్న అంశమును, అనగా ఆటగాడు తన కారును ఇచ్చవచ్చినట్లు సింగారించుకొను ఏర్పాటును, కావ్యమును చదువు శ్రద్ధతోనే చూడదలచితిని.

ఓపెన్ వరల్డ్ అని పిలువబడు గేములలో ఒక నగరమంతయు ఆటగాని ముందు పరచియుండును. కథ చూపిన త్రోవనే నడువవలెనన్న నిర్బంధము లేదు. ఏ వీథిలోనైనను తిరుగవచ్చును. 2001లో వెలువడిన గ్రాండ్ థెఫ్ట్ ఆటో 3 ఈ తరగతికి గొప్ప పేరు తెచ్చినది. అందులో 'పే ఎన్ స్ప్రే' అను రంగుల దుకాణము కలదు. పోలీసులు వెంటబడినపుడు కారుతో అందు దూరినచో, కారు వేఱొక రంగుతో బయటికి వచ్చును. పోలీసులు సర్వము మఱచిపోదురు. ఆ రంగు ఏదియో ఎన్నుకొను అధికారము ఆటగానికి లేదు, అవసరమును లేదు. విరాటుని కొలువులో పాండవులు ధరించిన వేషముల వంటిదది. అచ్చట రంగు చేయు పని దాచుట.

రాక్‌స్టార్ నార్త్ సంస్థవారు 2004లో వెలువరించిన శాన్ ఆండ్రియాస్‌లోను ఆ దుకాణము ఉన్నది. (ఈ గేములు పెద్దలకు ఉద్దేశింపబడినవి, దొంగతనమును, హత్యను ఆటగా చూపు వాని నీతిని సమర్థించుట నా పని కాదు.) కాని దాని ప్రక్కనే మఱియొక విధమైన కర్మశాలలు వెలసినవి. కథాకాలము 1992; లాస్ సాంటాస్ అను నగరము లాస్ ఏంజిలస్‌కు ప్రతిబింబము; కథానాయకుడు కార్ల్ జాన్సన్ తల్లి మరణవార్త విని స్వస్థలమునకు తిరిగివచ్చిన నల్లజాతి యువకుడు. అతడు తన కారుకు చక్రములు మార్పించును, బంపరు మార్పించును, ఒడలినిండ చిత్రములు వేయించును. 'లోకో లో కో' అను కర్మశాల కేవలము లోరైడర్ల కొఱకే ఏర్పడినది. ఇచ్చట రంగు చేయు పని చాటుట. ఒకే గేములో రంగుకు ఈ రెండు ధర్మములును ఉండుట నాకు మిక్కిలి రుచించిన విషయము.

లోరైడరు గేము కల్పన గాదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము లాస్ ఏంజిలస్ ప్రాంతమునందలి మెక్సికన్ అమెరికన్ యువకులు పాత కార్లను కొని, నేలకు ఆనునంతగా దించి, మెల్లమెల్లగా వీథులలో నడిపించిరి. వేగమే ఘనతయైన దేశములో మందగమనమును వారు ఘనతగా నిలిపిరి. కారులో ఏ భాగమును చక్రపు రిమ్ము అడుగుకంటె దిగువ నుండరాదని 1958లో కాలిఫోర్నియా చట్టము విధించెను. మఱుసటి యేడు రాన్ అగిరే అను నిపుణుడు తన కారుకు హైడ్రాలిక్ పంపులు అమర్చెను. మీట నొక్కిన కారు లేచును, మఱల నొక్కిన దిగును. పోలీసు ఎదురైనపుడు చట్టబద్ధము. అతడు దాటిపోగానే యథాప్రకారము! జెస్సీ వలాడెజ్ అను నాయన 'జిప్సీ రోజ్' అను పేర 1964 నాటి షెవ్రొలే ఇంపాలాపై చేతితో గులాబీలు చిత్రింపజేసెను. 2017లో ఆ కారు అమెరికా జాతీయ చారిత్రక వాహనముల పట్టిక కెక్కినది. చదువువారు తగ్గుచున్నను పెండ్లి శుభలేఖను తెలుగులోనే అచ్చొత్తించు మన కుటుంబములకు ఈ పట్టుదలను వివరింపనక్కఱలేదు.

ఈ చరిత్రలో గేము ఎంత నిలుపుకొన్నది? కొంత చక్కగానే నిలుపుకొన్నది. చెల్లెలు ప్రేమించిన సీజర్ వియల్‌పాండో అను మెక్సికన్ అమెరికన్ యువకుని చూచుటకై కార్ల్ లోరైడర్ల పోటీకి పోవలసియుండును. అచ్చట సంగీతపు లయను బట్టి మీటలు నొక్కుచు కారును ఆడింపవలెను. రెండు జాతుల యువకులు ఒకరినొకరు కారు ద్వారా తూచుకొను ఆ ఘట్టము గేమునందలి ఉత్తమ ఘట్టములలో నొకటి. అయితే వీథిలోని పోలీసు, క్రిందికి దించిన కారును చూచి ఆపడు. మీటను పుట్టించిన చట్టము గేములో లేదు. కావున మీట కేవలము నాట్యసాధనమైనది. నిజమైన కాలిఫోర్నియాలో ఆ నిషేధములును, ఆయా పట్టణములు అట్టి వీథి విహారములపై విధించిన నిషేధములును 2024 జనవరి 1తో గాని తొలగలేదు. ఆ భయమును వదలివేసి సొగసును మాత్రము గ్రహించుట, నా దృష్టిలో, ఈ గేము చేసిన పెద్ద లోపము. నెలలకొలది జరుగవలసిన పని సొమ్ము చెల్లింపగానే క్షణములో ముగియుట దానికంటె చిన్న లోపము.

తరువాతి గేములను గూర్చి రెండు మాటలు చాలును. 2013 నాటి గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5 యొక్క ఆన్‌లైన్ భాగములో 2015లో లోరైడర్ల కర్మశాల చేరినది. అందు కారును చూచువారు యంత్రము కల్పించిన బొమ్మలు మాత్రమే గాక తోటి మనుష్యులును కలరు. ఇది మేలు. మెక్సికో దేశమే రంగస్థలముగా 2021లో వచ్చిన ఫోర్జా హొరైజన్ 5లో ఆటగాడు చిన్నచిన్న ఆకృతులను పొరలుగా పేర్చి గంటల తరబడి తన చిత్రమును తానే కల్పించుకొనవచ్చును. శ్రమ తిరిగి వచ్చినది. కాని ఆ కారు ఏ పేటదియు కాదు, ఒక ఉత్సవములో తిరుగు కారు మాత్రమే. పనితనములో అది శాన్ ఆండ్రియాస్‌ను మించినను, నా మనస్సు మాత్రము పాతదానివైపే మ్రొగ్గును.

శాన్ ఆండ్రియాస్‌లో గ్యారేజీలో పెట్టక వీథిలో విడిచిన కారు, ఆటగాడు నాలుగు సందులు తిరిగి వచ్చునప్పటికి మాయమగును. ఎంత వెచ్చించి సింగారించినను అంతే. ఆనాటి యంత్రముల జ్ఞాపకశక్తి స్వల్పమగుటచే నిర్మాతలు చేసికొన్న ఏర్పాటిది. అయినను మొదటిసారి ఆ ఖాళీ వీథిని చూచిన ఆటగానికి కలుగు దిగులు, ఆ గేములోని ఇన్ని మరణములలో ఏదియు కలిగింపదు.